ఇంచుమించు తొమ్మిది

"నట్టుందాండీ?"

కొట్టమ్మాయి తలెత్తింది. కొట్టు ఆమెది కాబట్టి కొట్టమ్మాయి. ఇంతవరకూ ఎవరినీ కొట్టలేదు. ఆమె బల్ల మీదకి రేడియోలూ స్పీకర్లూ పాడైపోయి వస్తాయి, పాడుతూ పోతాయి.

"నాలుగొందల రకాలున్నాయి. దేనికి?"

"ఎలక్ట్రిక్ గిటారుకి. పక్కన కేబుల్ గుచ్చే కన్నం ఉంటుంది చూడండి, అవుట్‌పుట్ జాక్. దాన్ని పట్టి ఉంచే నట్టు ఎక్కడో పడిపోయింది. జాక్ లోపలికి పోతోంది, సౌండు బయటికి రావట్లేదు."

"గిటారేదీ?"

"ఇంట్లో ఉంది."

"తేవచ్చుగా?"

"తేనండీ," అన్నాడతను, కొట్టంతా ఒకసారి కలియజూసి. "కిందటేడు ఒక రిపేరాయనకి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి లోపల తీగల సౌండు పట్టే పికప్‌లు మార్చేశాడు. గిటారు నాదే, గొంతు ఎవరిదో."

ఆమెకు కోపం రావాల్సింది. అనుమానం వచ్చింది. ఎదురు వరుసలో కొత్తగా తెరిచిన పెద్ద షాపువాడు తమ సరుకు వివరాలు కనుక్కోవడానికి మనుషుల్ని పంపుతున్నాడని నాన్న వారం నుంచీ గొణుగుతున్నాడు. ఇతను చూస్తే అన్నీ చూసినట్టు, ఏదీ చూడనట్టు, కొంటున్నట్టు, కొననట్టు. నట్టు కోసం వచ్చిన మనిషి నిండా నట్లే.

"సైజెంత?"

"ఇంచుమించు తొమ్మిది."

ఆమె ఇంచుల సొరుగు లాగి, ఒక నట్టు తీసి ఇచ్చింది.

మర్నాడు అతను మరలా వచ్చాడు. వచ్చింది మరల గురించే.

"ఎక్కిందండీ. బిగిసినట్టే ఉంది. కేబుల్ లాగగానే ఊడి చేతికొచ్చింది."

"గిటారు తెచ్చారా?"

"లేదు."

"మరి నన్నేం చెయ్యమంటారు, ఇక్కణ్నుంచే దివ్యదృష్టితో బిగించమంటారా?"

కాస్త మందంగా ఉన్న నట్టు ఇచ్చింది. అదీ ఊడింది. మూడో రోజు వానలో తడుస్తూ వచ్చాడు. జుట్టు నుంచి నీళ్లు సరిగ్గా ఆమె బిల్లుబుక్కు మీద పడుతున్నాయి. ఈసారి జారకుండా పట్టుకునే పళ్ల వాషరు కూడా జతచేసి ఇచ్చింది.

"ఇవన్నీ ఎక్కణ్నుంచి తెప్పిస్తారండీ?" అన్నాడు, మాట కలపడానికి.

సొరుగు టక్కున మూసుకుంది. "ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు."

అతనికీ అనుమానమే. మూడు రోజులు, మూడు నట్లు. ఊడనిది ఒక్కటీ లేదు. గిటారు చేజిక్కించుకోవడానికి ఎత్తు వేస్తోందా? ఆమె మీద అనుమానం అలా ఉండగా, ఈ వాషరు పనిచేసినా సరే రేపు మళ్లీ వచ్చేలా ఉన్నానే అని అతని మీద అతనికే ఇంకో అనుమానం కలిగింది.

మూల కుర్చీలో పేపరు వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. "అమ్మడూ, ఏదో ఉన్నట్టుందే."

"ఏ నట్టు నాన్నా?"

"ఏం లేదులే." పేజీ తిరిగింది.

నాలుగో రోజు శనివారం. సాయంత్రం ఆరింటికి అతని బ్యాండు ప్రోగ్రాం. కిందటిసారి పాట మధ్యలో గిటారు మూగబోయింది. ఈసారి కూడా ఆగితే అతన్ని తీసేసి కీబోర్డు వాయించేవాణ్ని పెట్టుకుంటామని డ్రమ్మరు చెప్పేశాడు. మధ్యాహ్నం ప్రాక్టీసులో మూడో నట్టు కూడా, వాషరుతో సహా, నేల మీద దొర్లింది. మూడింటికి అతను గిటారును పసిపిల్లలా ఎత్తుకొచ్చి కౌంటరు మీద పడుకోబెట్టాడు.

"నా కళ్ల ముందే విప్పాలి."

"కళ్లు మూసుకుని విప్పడం నాకూ రాదు."

ప్లేటు విప్పింది. జాక్‌ను కాలిపర్‌తో కొలిచింది. మళ్లీ కొలిచింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది తొమ్మిది మిల్లీమీటర్లు. మిల్లీ మర. మీరు ఇంచు అన్నారు."

"నేనెప్పుడన్నాను? ఇంచుమించు అన్నాను."

"ఇంచు వినపడగానే ఇంచుల సొరుగు లాగేశాను. ఆ నట్లు దీనికి వెంట్రుకవాసి వదులు."

"మరి మించు?"

"వినిపించుకోలేదు."



"అయితే కావాలని ఇవ్వలేదా?" అన్నాడతను.

"కావాలని ఎవరిస్తారు? మిమ్మల్ని ఎదురుషాపువాడు పంపలేదా?"

"మొదట వాళ్ల దగ్గరికే వెళ్లానండీ. జాక్ అడిగితే లారీ కింద పెట్టేది చూపించాడు."

ఆమెకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆ నాలుగొందల రకాల్లో తొమ్మిది మిల్లీల నట్టు ఒక్కటే లేదు. సొరుగులన్నీ రెండుసార్లు వెతికింది. గడియారం నాలుగు దాటింది. అతను గిటారును సంచీలో పెట్టబోయాడు.

పేపరు కిందికి దిగింది. "అటక మీద నా టేప్‌రికార్డరుంది. దాని మైకు కన్నం చూడు."

"దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వవుగా నాన్నా?"

"అది పాడి పదేళ్లయింది. దాని నట్టుతో ఇంకోటి పాడనీ."

ఆ నట్టు ఎక్కింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు.

"వెనక నుంచి జాక్‌ని గట్టిగా పట్టుకోండి. అది తిరిగితే లోపల వైరు తెగుతుంది."

"పట్టుకున్నాను."

"అది నా వేలండీ."

"అనుమానం వచ్చింది."

"వదలండి మరి."

"వదిలితే తిరుగుతుందన్నారుగా."

ఆమె స్పానరు మీదే చూపు పెట్టి, అవసరమైనదానికన్నా అరచుట్టు ఎక్కువ బిగించింది.

ఆరింటికి హాల్లో మూడో వరుసలో కూర్చుంది, పక్కన నాన్న. ఆ నట్టు మీద ఆమెకు ఇంకా నమ్మకం లేదు, చేతిసంచీలో స్పానరుంది. జనమంతా అతని వేళ్లను చూస్తుంటే ఆమె గిటారు పక్కనున్న కన్నాన్నే చూసింది. రెండో పాటలో అతను తన కేబుల్ తనే తొక్కాడు. కేబుల్ లాగినట్టు బిగుసుకుంది. డ్రమ్మరు అనుమానంగా తల తిప్పాడు.

నట్టు కదల్లేదు. పాట ఆగలేదు. డ్రమ్మరు ఇంకో రెండు నిమిషాలు అనుమానించి, చివరికి తలూపాడు.

అంతా అయ్యాక అతను నేరుగా మూడో వరుసకి వచ్చాడు. "సోమవారం కొట్టు తెరుస్తారాండీ?"

"ఏం, ఊడిందా?"

"ఊడలేదు. అదే ఇబ్బంది. ఇక రావడానికి కారణం దొరకట్లేదు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఉండు బాబూ. అమ్మడూ, నిన్నట్నుంచీ అడుగుదామనుకుంటున్నా. ఉన్నట్టా, లేనట్టా?"

ఆమె సంచీలో స్పానరును తడుముకుంది. "ఇంచుమించు ఉన్నట్టే నాన్నా."

"ఇంచుమించు వద్దండీ," అన్నాడతను. "ఆ మాటకి మూడు నట్లు పోయాయి. సరిగ్గా కొలిచి చెప్పండి."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా, కాలిపర్ పెట్టినంత నిదానంగా చూసింది.

"ఉన్నట్టే," అంది.