గని నోటి దగ్గర గంట

పందొమ్మిది వందల తొంభై ఏడు. వానలు వెలిసి, ఇంకా చలి పట్టని కాలం. పొద్దుగూకిందంటే ఆ ఊళ్లో ఎవరూ పాత బంగారు గని వైపు కాలు పెట్టేవాళ్లు కాదు. గని మూతపడి చాలా ఏళ్లయింది. మనుషుల్ని దింపే ఇనప బోను గని నోటి దగ్గరే తుప్పుపట్టి వేలాడుతోంది. కానీ రాత్రిళ్లు... అక్కడి గంట మోగేది.

ఊరికే మోగితే గాలి అనుకోవచ్చు. మూడుసార్లు మోగి ఆగేది. గనిలో ఒకటి కొడితే బోను ఆపమని, రెండు కొడితే దింపమని. మూడు కొడితే — మనుషులు ఎక్కారు, మెల్లగా పైకి లాగమని.

ఒకప్పుడు గని కప్పు కూలి లోపలే ఉండిపోయినవాళ్లు ఇంకా లాగమంటున్నారని ఊరంతా అనుకునేది.

బ్రేకు తాత మాత్రం నమ్మలేదు. ఆ బోను నడిపే ఇంజను బ్రేకు పట్టుకునే ముసలివాడయ్యాడాయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. గని మళ్లీ తెరుస్తామని కంపెనీవాళ్లు వచ్చారు. మర్నాడు పొద్దున ఊరంతా చేరి, సరేనన్నవాళ్లు చేతులెత్తాలి. తాత చెయ్యి ముందే లేచి ఉంది. పనిలేని అల్లుడు కూతురితో సహా ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు మరి.

"గని బురద వదిలిన ఏడాది వాగులో చేపలు వెల్లకిలా తేలాయి. మర్చిపోయావా?" అంది తాత భార్య.

"మర్చిపోలేదు. అల్లుడు మూడు పూటలా తింటున్న సంగతీ మర్చిపోలేదు."

అల్లుడు వింటూనే ఉన్నాడు. కంచంలో చెయ్యి ఆగింది.

దెయ్యం భయంతో సగం ఊరు చెయ్యెత్తదని తాతకు బెంగ. ఆ దెయ్యాన్ని చెవి పట్టుకుని బయటికి లాక్కొస్తానని బయల్దేరాడు. అల్లుడు టార్చిలైటు పట్టుకుని వెనకే నడిచాడు.

ఇంజను కొట్టంలో ఇంకా గ్రీజు వాసన. పైన గబ్బిలాలు. గంటకు కట్టిన ఇనప తీగ తాత పాత కుర్చీ పక్కనుంచి వెళ్లి గనిలోకి దిగిపోయింది. ఇద్దరూ కూర్చున్నారు. చీకటి చిక్కబడింది...

టంగ్... టంగ్... టంగ్.

అల్లుడు మామ చొక్కా పట్టుకున్నాడు.

కింద ఎన్ని కొడితే పైవాడు తిరిగి అన్ని కొట్టాకే బోను కదపాలి. లేకపోతే విన్నాడో లేదో కిందవాళ్లకు తెలియదు. బతుకంతా చేసిన పని అది. తాత ఆలోచించే లోపే ఆయన చెయ్యి లేచి తీగ లాగింది. మూడుసార్లు, గట్టిగా. ఊరి మీదుగా సాగిపోయింది ఆ మోత. ఎక్కడో కుక్కలు లేచాయి.

తర్వాత నిశ్శబ్దం.

టంగ్... టంగ్... టంగ్. కిందినుంచి బదులు.

"మామయ్యా... పోదాం."

"ఎక్కేశారు," అన్నాడు తాత. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని కాసేపటికి గాని తెలియలేదు.

అయినా మొండితనం ఊరుకోలేదు. పాక్కుంటూ గని అంచుకు వెళ్లి ఓ రాయి వదిలాడు. ఒకప్పుడు రాయి వేస్తే చప్పుడు పైకి వినపడే లోతు కాదది. ఇప్పుడు... వెంటనే బుడుంగుమంది.

అల్లుడు లైటు వేశాడు.

చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో నీళ్లు. నల్లగా, పైన పచ్చటి తెట్టు. కప్పుకు ఊతంగా పెట్టిన దుంగ ఒకటి తేలి వచ్చి గంట తీగలో చిక్కుకుంది. అది గోడకు తగిలి, తీగను లాగుతూ మూడుసార్లు ఊగి ఆగుతోంది. ఇందాక తాత తీగ లాగినప్పుడూ కదిలింది అదే.

అల్లుడు పడీ పడీ నవ్వాడు. "ఇంతేనా! పొద్దున్నే చెప్పేద్దాం మామయ్యా. భయం పోతే అందరూ చేతులెత్తుతారు."

తాత నవ్వలేదు. నీళ్లలో వేళ్లు ముంచి చూశాడు. చర్మం చుర్రుమంది. గని తెరవాలంటే ముందు ఈ నీళ్లన్నీ తోడెయ్యాలి. తోడితే పోవడానికి పల్లం ఒక్కటే — ఊరు తాగే వాగు.

పొద్దున ఊరంతా ఎర్రటి కళ్లతో వచ్చింది. రాత్రి గంటకు గంట బదులు పలకడం విననివాళ్లు లేరు. వాగు సంగతేమిటని తాత ముందుగా అడిగాడు. కంపెనీ మనిషి మర్యాదగానే, నీళ్లు శుభ్రం చేసే వదులుతామన్నాడు; ఇంటికో ఉద్యోగమన్నాడు. ఆ రెండో మాటకే జనం తలలూపారు. ఆకలి ముందు వాగెంత?

ఇంతలో ఎవరో గంట మాట ఎత్తారు. అందరూ తాత వైపు తిరిగారు. అల్లుడూ తిరిగాడు, చెప్పమన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు.

"మూడు కొట్టారు," అన్నాడు తాత. "బదులు కొట్టాను. మళ్లీ మూడు కొట్టారు."

దుంగ మాట ఎత్తలేదు. అల్లుడు నోరు తెరిచి చెబితే, ఉద్యోగం కోసం కథ అల్లాడని జనం కసిరారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

గని తెరవలేదు. అల్లుడు ఆ వారమే భార్యను తీసుకుని పని వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. బ్రేకు తాత పోయినప్పుడు కూతురికి కబురు పెట్టడానికి ఏ ఊరో ఎవరికీ తెలియలేదు.