క్యాబినెట్‌లో పెట్టిన చప్పుడు

తన కూతురికి తనకన్నా మేనత్తే ఎక్కువ ఇష్టమేమో! ఈ లోకంలో ఆమె అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఆ ఒక్కదానికే. దొంగలకీ జబ్బులకీ కూడా అంత భయపడేది కాదు. పొద్దున్నే ఆమె నిద్ర లేస్తే ఆ భయమూ ఆమెతోపాటే లేచేది.

ఆ రోజూ అంతే. పాలు కాచి, చల్లార్చి, చిన్న గ్లాసులో పోసుకుని హాలు గుమ్మంలోకి వచ్చింది. ఇరవై నెలల కూతురు కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుని, తండ్రి తెచ్చిన చెక్కముక్కలు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది. ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ దాన్ని ఉడుత అనే పిలుస్తారు.

"ఉడుతా, పాలు తాగుదువుగాని రా తల్లీ."

పిల్ల కదల్లేదు.

"ఒసేయ్ బంగారూ! అమ్మ పిలుస్తోందే!"

ఊహూఁ. మూడో చెక్క మీదకి నాలుగో చెక్క ఎక్కింది, అంతే. ఇంతలో లోపలి గదిలోంచి భర్త పనికి వేసుకెళ్ళే బరువైన బూట్లతో దబదబా నడుచుకుంటూ వచ్చాడు. అది మేడమీది ఇల్లు. నేలంతా పాతకాలపు చెక్క పలకలు. పిల్ల చటుక్కున తల తిప్పి, నవ్వి, తండ్రి వైపు రెండు చేతులూ చాచింది.

"చూశారా? నేను గొంతు చించుకుంటున్నాను. మీరు నోరైనా విప్పలేదు, అప్పుడే చేతులు చాచేసింది!"

"నాన్న కూతురు మరి," అని మీసం లేని చోట మీసం తిప్పాడు ఆయన. ఆయన వడ్రంగి. క్యాబినెట్లూ అల్మారాలూ చేస్తాడు. చిత్రిక పట్టిన చెక్కపొట్టు జేబుల్లో లేని రోజు ఉండదు.

"ఇన్నాళ్ళొచ్చినా ఒక్క మాట రాలేదు దీనికి. అమ్మా అనైనా అనదు."

"నాకూ మూడో ఏట గాని మాట రాలేదట. ఇప్పుడు ఆపమన్నా ఆపట్లేదు కదా! నువ్వు ఊరికే బెంగ పెట్టుకోకు."

తండ్రి అంటే ఎలాగో సర్దుకుంది. ఆమె గుండెల్లో ముల్లులా దిగింది మాత్రం ఆడపడుచు.

ఆడపడుచు స్పీకర్లు అమ్మే షాపులో పని చేస్తుంది. కొన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బిగించి వస్తుంది. అన్నగారు ముద్దుగా మెకానిక్కూ అంటాడు. షాపులో నమూనాకి పెట్టిన హోమ్ థియేటర్ ఒకటి ఆర్నెల్ల క్రితం తెచ్చి, అన్నయ్య ఇంట్లో అమర్చింది. చిన్న స్పీకర్లు గోడలకెక్కాయి. అడుగున దుమ్‌దుమ్మని మోగే సబ్‌వూఫర్, ఆ నల్లటి బరువు పెట్టె, హాలు మూల నేలమీద కూర్చుంది. ఇక రోజూ సాయంత్రం పని ముగించుకుని, అన్నగారివిలాంటి మొరటు బూట్లతోనే మెట్లెక్కి వచ్చి, డప్పుల మోత ఏదో పెట్టేది. అంతే! పిల్ల ఏ గదిలో ఉన్నా, ఏం చేస్తున్నా, వదిలేసి పరుగెత్తుకొచ్చేది. రెండు అరచేతులూ పెట్టెకి ఆనించి, చెంప కూడా ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వేది.

"వచ్చేసిందండీ నా ఉడుత! పిలవనైనా లేదు. చూశావా వదినా?"

వదిన చూసేది. చూసి, వంటగదిలోకి వెళ్ళి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమేది.

ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మంచం పట్టిన తాతగారిని చూసుకోవడానికి బడి మానిపించారు. అడుగు చప్పుడైతే ఆయన ఉలిక్కిపడేవాడు. అందుకని అప్పటినుంచీ ఆమె నడక పిల్లి నడకే. "ఎప్పుడొచ్చి వెనక నిలబడతావో తెలీదు, గుండె ఆగిపోతుంది," అని భర్త ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఆడపడుచు అలా కాదు. డిప్లొమా చదివింది. గట్టిగా నడుస్తుంది, గట్టిగా నవ్వుతుంది. పిల్లని దగ్గరికి లాక్కునే విద్య కూడా ఆ చదువులోనే నేర్పి ఉంటారని ఆమె అనుమానం.

ఒకసారి రిమోట్ తీసి పిండిడబ్బాలో దాచింది. ఆడపడుచు పెట్టెకున్న మీటలే నొక్కి మోగించింది. మర్నాడు పిండి కోసం డబ్బా మూత తీసింది ఎవరో కాదు, ఆడపడుచే! తెల్లగా పిండి పూసుకున్న రిమోట్‌ని చూసి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఆమెకి నెల రోజులు అరగలేదు.

చివరికి ఒక ఉపాయం తట్టింది.

"ఏమండీ, ఆ నల్లపెట్టె అలా నేలమీదుంటే పిల్ల వెనక తీగల్లో వేళ్ళు పెడుతోంది. టీవీ కింద మంచి క్యాబినెట్ చేసి, దాన్ని అందులో పెట్టి తలుపు వేసెయ్యకూడదూ?"

వడ్రంగికి ఆ మాట చాలు. ఆ సాయంత్రమే చెల్లెలికి బొమ్మ గీసి చూపించాడు. చెల్లెలు మొహం చిట్లించింది.

"సబ్‌వూఫర్‌ని పెట్టెలో పెడితే ఆ పెట్టే మోగుతుందన్నయ్యా. తలుపులు గడగడలాడతాయి. నామాట విని నేలమీదే ఉంచు."

"నేను చేసిన తలుపు గడగడలాడుతుందా? ఏం మెకానిక్కూ, అన్నని అంత తీసిపారేశావు?"

"సరే బాబూ, కోప్పడకు. అయితే చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. దానికి అర విడిగా ఉండాలి. చుట్టూ బెత్తెడు ఖాళీ. వెనక గాలి రంధ్రముంది కాబట్టి వెనక పలక వద్దు. తలుపుకి చెక్క కాకుండా పల్చటి గుడ్డ బిగించు. ముఖ్యంగా అడుగున మందపాటి రబ్బరు దిమ్మలు వెయ్యి. దాని అదురు క్యాబినెట్‌కీ నేలకీ పాకకూడదు."

"తలుపుకి గడియ కూడా పెట్టండి. పైన, పిల్లకి అందకుండా," అంది ఆమె గుమ్మంలోంచి.

ఆడపడుచు ఆమె వైపు ఒక్క క్షణం చూసి ఊరుకుంది.

పది రోజుల్లో క్యాబినెట్ తయారైంది. నునుపు ఎంతంటే చెయ్యి జారిపోతుంది. నల్లపెట్టె నాలుగు రబ్బరు దిమ్మల మీద కూర్చుంది, గుడ్డ తలుపు మూసుకుంది, గడియ పడింది. అదే ఊపులో ఆమె నేలకి కూడా పాలిష్ పెట్టించి, కొత్త నియమం ఒకటి పెట్టింది. బూట్లు గుమ్మం బయటే విప్పాలి. ఎవరైనా సరే.

ఆ సాయంత్రం ఆడపడుచు మేజోళ్ళతో లోపలికి వచ్చింది. పిల్ల కిటికీ దగ్గర చెక్కముక్కల పనిలో ఉంది. డప్పుల మోత మొదలైంది. వడ్రంగి క్యాబినెట్ మీద అరచెయ్యి వేసి చూశాడు.

"ఏదీ గడగడ? వినిపించు!"

"ఒప్పుకున్నానన్నయ్యా. మా షాపులో కూడా ఇంత శుభ్రంగా మోగదు. ఇంతకీ నా ఉడుతేదీ? ఇంకా రాలేదేం?"

పిల్ల రాలేదు. ఆడపడుచు మోత పెంచింది. కిటికీ అద్దం జివ్వుమంది. పిల్ల తిరగలేదు. "ఉడుతా! అత్త వచ్చిందే!" అని కేకేసింది. ఊహూఁ.

గుమ్మంలో నిలబడిన తల్లికి ఒళ్ళంతా తియ్యగా అయిపోయింది. సిగ్గుపడాల్సిన తీపి అది. అయినా దాచుకోలేకపోయింది. పెదవి మీదకి నవ్వు వచ్చేసింది. ఆడపడుచు సరిగ్గా ఆ నవ్వునే చూసింది.

"వదినా, నిజం చెప్పు. పిల్లకేం నూరిపోశావు?"

"ఇరవై నెలల పిల్లకి నేనేం నూరిపోస్తాను?"

"రిమోట్ పిండిలో దొరికితే నవ్వి ఊరుకున్నాను. పెట్టెకి గడియ పెట్టించావు, ఊరుకున్నాను. బూట్లు విప్పమన్నావు, విప్పాను. ఇప్పుడు పిల్లని కూడా నాకు కాకుండా చేస్తున్నావా?"

"నీకా? అది నీదెప్పుడైంది?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అవును, కుళ్ళే నాకు! ఒళ్ళంతా కుళ్ళే! కన్నది నేను, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది నేను. ఒక్కసారంటే ఒక్కసారైనా నేను పిలిస్తే తిరిగి చూసిందా? నువ్వొచ్చి పెట్టె మోగిస్తే పరుగెత్తుకొస్తుంది. నా గొంతుకన్నా నీ పెట్టె ఎక్కువైపోయింది దానికి!"

"మెల్లగా! పిల్ల జడుసుకుంటుంది," అన్నాడు వడ్రంగి.

ముగ్గురూ ఒకేసారి పిల్ల వైపు చూశారు.

డప్పులు అలా మోగుతూనే ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. పిల్ల మాత్రం నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా అయిదో చెక్క మీద ఆరో చెక్క పెడుతోంది. ఉలిక్కిపడలేదు. భుజమైనా కదల్లేదు.

ఆడపడుచు మొహంలో కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

"వదినా, నువ్వు పిలిస్తే ఎప్పుడూ తిరగదా?"

"చెప్పానుగా."

"ఎదురుగా ఉంటే?"

"ఎదురుగా ఉంటే నవ్వుతుంది. మీదకి ఎగబాకుతుంది. వెనకనుంచి పిలిస్తేనే…" ఆ మాట ఆమె నోట్లోనే ఆగిపోయింది.

ఆడపడుచు గడియ తీసింది. నల్లపెట్టెని దిమ్మల మీదనుంచి ఎత్తి, ఉత్త నేలమీద పెట్టింది. పాట అదే, మోత అంతే. పిల్ల చేతిలో చెక్క జారిపోయింది. గిరుక్కున తిరిగి, పరుగెత్తుకొచ్చి, పెట్టెకి చెంప ఆనించింది. అత్త దాన్ని మెల్లగా పక్కకి జరిపి పెట్టెని మళ్ళీ దిమ్మల మీదకి చేర్చింది. పిల్ల అయోమయంగా కిందకి చూసింది. ఎక్కడికి పోయావని అడుగుతున్నట్టు నేలని అరచేత్తో తట్టింది. ఇంకోసారి తట్టింది.

"ఇది వినట్లేదన్నయ్యా," అంది ఆడపడుచు. "అదురు పట్టుకుంటోంది, అరికాళ్ళతో. నీ బూట్లు, నా బూట్లు, ఈ పెట్టె. అంతే. చప్పుళ్ళతోనే బతికేదాన్ని, నాకే తెలియలేదు."

తల్లి తన పాదాల వైపు చూసుకుంది. ఏ చప్పుడూ చెయ్యని పాదాలు. ఇన్నాళ్ళూ పిల్ల తనని కాదనుకోలేదు. తను వచ్చినట్టే దానికి తెలియలేదు.

ఆమె చెయ్యెత్తి పాట ఆపమంది. గది నిశ్శబ్దమైంది. తను పిల్లకి కనబడకుండా దాని వెనక్కి వెళ్ళి, మూడు అడుగుల దూరంలో నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కుడికాలు పైకెత్తి దబ్బుమని నేలకేసి కొట్టింది.

పిల్ల తిరిగింది. అమ్మని చూసింది. మొహమంతా నవ్వై రెండు చేతులూ చాచింది.

ఆమె అక్కడే కూలబడి, పిల్లని గుండెలకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి ఆడపడుచు వచ్చి పక్కనే కూర్చుంది. "నన్ను క్షమించు," అనబోయింది ఆమె. ఆడపడుచు ఆ మాట అననివ్వలేదు.

"నీ కుళ్ళుకి దండం పెట్టాలి వదినా. నువ్వు ఆ నల్లపెట్టెని క్యాబినెట్‌లో మూయించకపోతే ఇంకెన్నాళ్ళు ఇలాగే నవ్వుకుంటూ ఉండేవాళ్ళమో!"

మర్నాడు ఇద్దరూ కలిసే ఆస్పత్రికి వెళ్ళారు. కాగితాలు ఆడపడుచు పట్టుకుంది, పిల్లని తల్లి ఎత్తుకుంది. చెవులకి మిషన్లు పెట్టాలనీ, మాటలకి శిక్షణ ఇప్పించాలనీ, ఇంకా ఆలస్యం చెయ్యకుండా తీసుకొచ్చి మంచిపని చేశారనీ డాక్టరు చెప్పాడు. సబ్‌వూఫర్ మళ్ళీ నేలమీదకి దిగింది. అంత మంచి క్యాబినెట్ అరలో ఇప్పుడు చెక్కముక్కలున్నాయి. ఆమె నడక మాత్రం పూర్తిగా మారిపోయింది. మీ ఇంట్లో ఏమైనా దంచుతున్నారా అని కింది వాటావాళ్ళు ఒకసారి వచ్చి అడిగి వెళ్ళారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, పిలిస్తే చూడని పసిపిల్లలుంటే, మొండితనమనీ అమ్మంటే ఇష్టం లేదనీ అనుకోకండి. చెప్పులు విప్పి, అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి, వెనక నిలబడి ఒక్కసారి పిలవండి. తిరుగుతారో లేదో ఈ రోజే చూడండి.