పదకొండు డోసులు

పదిహేడో నంబరు తల్లి మణికట్టును పలక మీద పెట్టించి ఆమని తెర వైపు చూసింది. ఓర్పును కొలిచే తాళిమి అంకం అరవై రెండు. వాకిలి అని పిలిచే ఆ యంత్రం తెరుచుకుంది, ఫలితం కాగితం మీద అచ్చయి వచ్చింది. ఆమని దాన్ని చదివి వినిపించి, సంతకం తీసుకుని పంపించింది. ఆరు నిమిషాల పని.

తొమ్మిదేళ్లుగా ఆమె ఈ శిశు అర్బుద పరిశోధనాలయంలో నివేదకురాలు. కేన్సర్ పిల్లల మీద వాడి చూసిన మందుల సంగతి ఏం తేలిందో తల్లిదండ్రులకు చెప్పడం ఆమె ఉద్యోగం. ఎవరికి చెప్పాలన్నది మాత్రం వాకిలి ఇష్టం. అది నాడి చదివి, మనిషి తట్టుకోగలదో లేదో అంకె వేస్తుంది. యాభై దాటితే ఫలితం. దాటకపోతే తామరపువ్వు బొమ్మ వేసిన కృతజ్ఞతా పత్రం. ఈ ఏర్పాటు చేసిన పెద్దలది ఎంత జాలిగుండె అనుకోవాలో. బిడ్డ పోయినవాళ్ల నాడే కదా ముందు తడబడేది. బతికిన పిల్లల తల్లులకు ఫలితాలు, మిగతావాళ్లకు పువ్వులు. ఈ రోజు నీలిమందు అనే మందు ఫలితాల వంతు. అప్పుడే ఏడు పువ్వులు పంచింది ఆమని.

పద్దెనిమిదో నంబరు రజిత. గోదావరి అవతలి ఊరు. కూతురు తన్వి పోయి మూడేళ్లయింది. మణికట్టు ఆనించగానే తెర ఇరవై ఒకటి చూపించింది. పువ్వు కాగితం బయటికొచ్చింది.

"గిదేంది మేడమ్?"

"మీకు కృతజ్ఞతలు చెబుతున్నారమ్మా."

"గవి నేనేం జేసుకోను. నాకొక్క ముచ్చట చెప్పుండ్రి. ఆ యేడు గోదారి పొంగి బ్రిడ్జి బందు వెట్టిన్రు. పదకొండు రోజులు నీలిమందు సూది పడలే. గందుకే పోయిందా నా బిడ్డ?"

ఆమని పువ్వు కాగితాన్ని బల్ల మీద బోర్లించింది.

"మా ఆయన గదే అంటడు. పడవల తోల్కపోతె బతుకుతుండె, నువ్వే భయపడ్డవ్ అంటడు. మూడేండ్ల సంది నా చేతి బువ్వ తింటలేడు. ఔనైతే ఔననే చెప్పుండ్రి. ఏదో ఒకటి తెలుస్తె సాలు."

ఆమనికి జవాబు తెలుసు. పొద్దుటి నుంచి పదిసార్లు చదివింది అదే. ఉద్యోగం పోతే పోయిందని నోటితో చెప్పేయవచ్చు. కానీ ఉత్త మాటను ఆ భర్త నమ్మడు. అతనికి ముద్ర ఉన్న కాగితం కావాలి.

ఆమె పునఃపరీక్ష మీట నొక్కి, తన చెయ్యి పలక మీద పెట్టింది. తొంభై మూడు. తొమ్మిదేళ్లు పరుల కష్టం చదివి చదివి నాడి ఇంత మొద్దుబారిందా అని ఆమెకు సిగ్గేసింది. తన్వి పేరుతో కాగితం వచ్చింది.

"నీలిమందు అన్ని డోసులూ పడిన పిల్లలకూ, మధ్యలో తప్పిపోయిన పిల్లలకూ తేడా ఏమీ కనబడలేదు. మీ వల్ల కాదమ్మా. ఇది మీ ఆయనకు చూపించండి."

రజిత ఆ అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆపి తలెత్తింది.

"పడ్డా పడకున్నా ఒక్కటే అంటె, ఆ మందు పనిజెయ్యలేదన్నట్టా?"

"చెయ్యలేదు. ఇప్పుడు ఆపేశారు. ఇంకే పిల్లకూ వెయ్యరు."

"తొంభై సూదులైనయి మేడమ్. వద్దమ్మా, వద్దమ్మా అని ఏడుస్తుంటె దాని చేతులు నేనే గట్టిగ పట్టుకున్న."

పొద్దుటి నుంచి ఫలితం విన్న పదిమందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు. వాళ్ల పిల్లలు ఇళ్లలో ఆడుకుంటున్నారు.

"చెప్పకపోతే బాగుండేదా అమ్మా?" అని ఆమని అడిగింది.

రజిత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకుంది. "లేదు. ఈ ఏడుపు నా బిడ్డ కోసం. ఇన్నొద్దులు ఏడ్సింది నా తప్పు కోసం." తలుపు దాకా వెళ్లి ఆగింది. "బయట పువ్వులు పట్టుకొని ఏడుగురు కూసున్నరు. ఇంటికి పోబుద్ధి గాక."

ఆమె వెళ్లాక ఆమని మళ్లీ పలక మీద చెయ్యి పెట్టి చూసుకుంది. డెబ్బై నాలుగు. ఒక్క తల్లితోనే పంతొమ్మిది తగ్గింది. తెర మీద ఎర్రగా ఒక వరుస వచ్చింది: నాడి నివేదకురాలిదని అనుమానం, పై అధికారులకు తెలియజేయబడింది.

ఆమని లేచి తలుపు తీసింది.

"మూడో నంబరమ్మా, ఆ పువ్వు కాగితం అక్కడే పెట్టేసి ఇంకోసారి లోపలికి రండి."