ఎవరి ఇంటి తాళంచెవి?

"తాళం మార్చాలి."

వాన దులుపుకుంటూ కొట్టు మెట్టెక్కిన అమ్మాయి నోట వచ్చిన మొదటి మాట ఇదే. ఆమె మెడలో కొలతల టేపు వేలాడుతోంది. తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది.

తాళాల అబ్బాయి ఆకురాయి పక్కన పెట్టాడు. "తాళంచెవి పోయిందాండీ?"

"పోలేదు. ఇంకొకరి దగ్గర ఉంది."

"అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది కదా. మంచి తాళాన్ని పారేయడం దేనికి?"

"అడిగితే ఇస్తారు. అసలు నేనెందుకిచ్చానో వాళ్ళకు తెలియదు."

"ఆ తీసుకున్నవాళ్ళెవరో విచిత్రమైన మనిషిలా ఉన్నారే!"

"చాలా," అంది. నవ్వబోయి ఆగిపోయింది.

"మా కొట్టుకి కొత్తా మీరు? గుర్తు రావడం లేదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది. "కొత్తే అనుకోండి. వీధి చివర టైలర్ షాపు మాది. వెనకే ఇల్లు. సాయంత్రం రండి."

ఆ టైలర్ షాపు ఎప్పుడు వచ్చిందో కూడా అతనికి తెలియదు. వానలు మొదలవక ముందు ఒక షట్టర్‌కి తాళం బిగిస్తూ నిచ్చెన మీదనుంచి పడ్డాడు. తలకు వేసిన కుట్లు మానిపోయాయి. పడడానికి ముందరి ఏడాది మాత్రం తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది. అక్క గుర్తుంది, పని గుర్తుంది, ఆ ఏడాదే లేదు.

పడినరోజు జేబులో ఒక తాళంచెవి దొరికింది. పళ్ళు కోసిన తీరు చూస్తే తన చేతిపనే. ఇంట్లోగానీ కొట్లోగానీ ఏ తాళానికీ అది పట్టలేదు. ఈ పనిలో ఒక కట్టుబాటుంది. చేసిన తాళంచెవులన్నీ ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. ఒకటి దాచుకున్నాడని పేరొస్తే ఆ మనిషిని ఇక ఏ ఇంటికీ పిలవరు.

మరి ఇది నా జేబులో ఎందుకుంది? ఈ ఒక్క ప్రశ్న అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

మధ్యాహ్నం అన్నం తింటూ మళ్ళీ అడిగాడు. "అక్కా, ఆ ఏడాది నేనెలా ఉండేవాణ్ణి?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా? సాయంత్రమైతే మాయమయ్యేవాడివి. ఎక్కడికిరా అంటే పనికి అనేవాడివి. పనికెళ్ళేవాడు తల దువ్వుకుని వెళ్తాడా?"

"దొంగతనానికి వెళ్ళేవాణ్ణేమో."

"దొంగలు తల దువ్వుకోరు," అని అక్క నవ్వింది. అతను నవ్వలేదు.

ఇంకో వింత కూడా ఉంది. ఇదివరకు తాళంచెవులు గుచ్చుకుని అతని జేబులు ఊరికే చిరిగేవి. ఇప్పుడు ప్యాంట్లన్నిటికీ జేబుల లోపల నీలం కాన్వాస్ గుడ్డ వేసి, రెండు వరసల కుట్టు వేసి ఉంది. ఎవరు కుట్టారంటే అక్కకూ తెలియదు.

సాయంత్రం కొత్త తాళం పట్టుకుని టైలరమ్మాయి ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో కూర్చున్న ముసలావిడ ముఖం విప్పారింది.

"వచ్చావా మనవడా! ఇన్నాళ్ళూ ఏమైపోయావు? ఏమే, టీ పెట్టు!"

టైలరమ్మాయి గబగబా వచ్చింది. "ఏమనుకోకండి. మా బామ్మకి మతిమరుపు. అందరినీ అలాగే పిలుస్తుంది."

"అందరినీనా?"

"అందరినీ."

అంతలో దారాలమ్మే అతను సంచితో లోపలికి రాబోయాడు.

"ఎవరయ్యా నువ్వు? చెప్పాపెట్టకుండా లోపలికొచ్చేస్తున్నావ్!" అని బామ్మ కర్ర ఎత్తింది.

తాళాల అబ్బాయి టైలరమ్మాయి వైపు చూశాడు. టైలరమ్మాయి సీలింగు వైపు చూసింది.

"పై గడియ కూడా పట్టేస్తోంది, కాస్త చూడు నాయనా," అంది బామ్మ. అతను స్టూలు లాక్కుని ఒక కాలు పెట్టాడు.

"ఎక్కకు!"

అతనూ బామ్మా బిత్తరపోయారు. టైలరమ్మాయి కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది.

"అంటే... ఎక్కకండి. స్టూలు ఊగుతుంది. గడియ సంగతి తర్వాత," అని టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయింది.

అతను స్టూలు కదిపి చూశాడు. అది రాయిలా నిలబడింది.

ఈ అమ్మాయి ఏదో దాస్తోంది. కుట్టు మిషన్ కింద చూస్తే నీలం కాన్వాస్ ముక్కలు కనిపించాయి. మరి 'కొత్తే అనుకోండి' అందే! తలుపు తాళం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ తీయబోయిన చెయ్యి జేబులోకి పోయింది. ఆ తాళంచెవి తీసి తాళంలో పెట్టాడు. వెన్నలో దిగినట్టు దిగింది. తిప్పాడు.

టక్.

ముసలావిడా, ఒంటరి ఆడపిల్లా ఉండే ఇల్లు. ఆ ఇంటి తాళంచెవి తన జేబులో! నేనెలాంటి మనిషిని?

ఇంకాసేపట్లో కొత్త తాళం పడుతుంది. పాతది సంచిలో వేసుకుని వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. కొట్టూ పరువూ రెండూ నిలబడతాయి. ఆమె టీ తెచ్చేలోగా స్క్రూలు ఊడదీయొచ్చు. ఒక స్క్రూ తిప్పాడు కూడా. చేతులు ముందుకు సాగలేదు.

ఆమె టీ పట్టుకొచ్చేసరికి అతను నిలబడి ఉన్నాడు. తాళంచెవిని కుట్టు మిషన్ మీద పెట్టాడు.

"ఇది మీ ఇంటిది. నా జేబులో దొరికింది. నేను పడి, ఒక ఏడాది మరిచిపోయాను. ఎందుకు చేసి దాచుకున్నానో తెలియదు. దొంగబుద్ధే అయ్యుండొచ్చు. పోలీసులకు చెబుతారో, వీధిలో చెబుతారో మీ ఇష్టం."

ఆమె కళ్ళు నిండిపోయాయి. టీ గ్లాసు పెట్టబోయి తాళంచెవి పక్కనే సగం ఒలకబోసింది.

"దొంగవి కాదు," అంది మెల్లగా. "ఈ తాళం బిగించింది నువ్వే. అప్పుడు పెళ్ళి చేసుకుంటావా అని అడిగావు. నేను నోటితో జవాబు చెప్పలేదు. నువ్విచ్చిన రెండు తాళంచెవుల్లో ఒకటి నీ జేబులో వేశాను. ఆ జేబు కుట్టింది కూడా నేనే. మర్నాడే నువ్వు పడ్డావు."

ఒలికిన టీని ఒక గుడ్డముక్కతో తుడుస్తూ ఆమె మళ్ళీ అంది.

"ఆస్పత్రి నుంచి వచ్చాక మీ కొట్టు ముందు నిలబడ్డాను. ఏం కావాలండీ అన్నావు. ఏమీ వద్దని వచ్చేశాను."

"చెప్పొచ్చు కదా! నమ్మేవాణ్ణి."

"అదే నా భయం. నేనేం చెబితే అదే నీకు నిజమైపోయేది. ప్రేమించావని చెబితే, పాపం, ప్రేమించాలి కాబోలనుకుని ప్రేమించేవాడివి. అలాంటి మొగుడు నాకెందుకు? తాళం మార్చేస్తే నీ జేబులో ఉన్నది ఉత్త ఇనపముక్క అయిపోతుందనుకున్నాను. నిన్ను వదిలేసినట్టుంటుంది."

అతను తలుపు తాళం వైపు చూశాడు. "నాకిప్పటికీ ఏమీ గుర్తు రావడం లేదు."

"తెలుసు."

"అయినా నమ్ముతున్నాను. అబద్ధమాడే మనిషైతే నన్ను పట్టుకోవడానికి చూస్తుంది. వదిలించుకోవడానికి ఇంత తిప్పలు పడదు."

ఊడిన స్క్రూని మళ్ళీ బిగించాడు. కొత్త తాళం సంచిలో వేసుకున్నాడు. మిషన్ మీది తాళంచెవి తుడిచి జేబులో పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. ఆమె గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

మర్నాడు సాయంత్రం వానలోనే తలుపు చప్పుడైంది.

"ఎవరు?"

"తాళాల అబ్బాయిని."

"తాళంచెవి ఉందిగా? తలుపు తీసుకుని రావచ్చుగా!"

"ఉంది. కానీ అది మీరు ఆ పాత మనిషికి ఇచ్చింది. నేను కొత్తవాణ్ణి. తలుపు మీరే తీసి నన్ను పిలవాలి."

తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా తడిసి ముద్దయినా అతని తల మాత్రం పాపిడి తీసి నున్నగా దువ్వి ఉంది. ఆమెకు నవ్వాగలేదు.

"తడుస్తున్నావు. లోపలికి రా."

"ఎవరే వచ్చింది?" అని బామ్మ లోపలినుంచి కేకేసింది.

"నీ మనవడే బామ్మా."

"అది నాకు ముందునుంచీ తెలుసులే," అంది బామ్మ. "టీ పెట్టు."