సంతాపసభలో మిణుగురు

మంచినీళ్ళు తాగి గ్లాసు బల్లమీద పెట్టి, పార్టీ రాష్ట్ర ఉపాధ్యక్షుడు విలేఖరులవైపు చూసి నవ్వాడు. ఓడరేవును విదేశీ కంపెనీ చేతిలో పెట్టడానికి తమ శాఖ ఎందుకు ఒప్పుకోదో చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. ఎదురుగా ఉన్న మైకుల గుత్తిమీదికి అలాగే ఒరిగిపోయాడు. ఆ చప్పుడు రాష్ట్రమంతా టీవీల్లో విన్నది.

గుండెపోటు అని ఛానెళ్ళు చెప్పాయి. విషం అని పోస్ట్‌మార్టమ్ రిపోర్టు చెప్పింది. ఆ రిపోర్టు చదివినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకడు మిణుగురు.

మిణుగురు అన్నది గూఢచారి డిపార్ట్‌మెంటు ఇచ్చిన కోడ్‌నేమ్. చీఫ్‌ను కలవాలంటే అతను పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాలి. పంటినొప్పి ఉన్నవాడిలా చెంప పట్టుకుని, నిజంగా నొప్పులున్నవాళ్ళ మధ్య కాసేపు కూర్చుని, పేరు పిలిచాక ఎక్స్‌రే గది దాటి వెనక తలుపు తోసుకుని పోవాలి.

"గొడుగు మళ్ళీ తెరుచుకుంది," అన్నాడు చీఫ్.

గొడుగు అంటే సరిహద్దుల అవతల నుంచి నడిచే ముఠా. అది తెరుచుకున్న దేశంలో చావులు సహజంగా కనిపిస్తాయి, అల్లర్లు వాటంతటవే పుట్టినట్టుంటాయి.

"తరువాతి టార్గెట్ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు. ఉపాధ్యక్షుడి సంతాపసభలోనే లేపేస్తారు. నింద పార్టీలోని రెండో వర్గంమీద పడుతుంది. రెండు వర్గాలూ కొట్టుకుని ఊళ్ళు తగలబెడతాయి. ఆ పొగలో ఓడరేవు సంతకాలు అయిపోతాయి. నువ్వు సౌండ్ ఆపరేటర్‌గా లోపలికి వెళ్తున్నావు."

"లోపల మనవాళ్ళెవరూ లేరా సర్?"

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. "ఉంది. పార్టీ మీడియా సలహాదారు. గొడుగుకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి పనిచెయ్యాలి. ఈమధ్య నటన ఎటువైపో తెలియడం లేదు. అటు తిరిగిపోయిందని నా అనుమానం. ఈమె నీకు తెలుసు కదా."

"తెలుసు సర్," అన్నాడు మిణుగురు.

తెలుసు అన్నది అక్కడ చాలా పొట్టి మాట. ఒక పరాయి దేశపు రేవుపట్నంలో వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలుగా ఫొటో స్టూడియో నడిపారు. అది ఆపరేషన్ కోసం డిపార్ట్‌మెంటు కట్టిన కాపురం. ఇరుగుపొరుగు నమ్మాలని రోజూ పెద్దగొంతులతో పోట్లాడుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి నిజం పోట్లాటలు కూడా వచ్చాయి. అవి మాత్రం గుసగుసల్లో జరిగేవి. కూరలో ఉప్పు గురించి, తడిగొడుగు మంచంమీద పెట్టడం గురించి. ఆపరేషన్ ముగిసినరోజున ఇద్దరినీ వేరువేరు విమానాలు ఎక్కించారు. వెళ్ళొస్తానని కూడా చెప్పుకోలేదు. మొగుడూ పెళ్ళాలు కానివాళ్ళు ఏమని చెప్పుకుంటారు?

పార్టీ రాష్ట్ర కార్యాలయం రెండంతస్తుల పాత భవనం. కింద ప్రెస్ హాలు, పైన నాయకుల గదులు, వెనక సభలు జరిగే ఆడిటోరియం. పేరుకి రాష్ట్ర శాఖేగాని ఊపిరి మాత్రం హైకమాండుది. అధ్యక్షుడి గదిలో కర్టెన్లు మార్చాలన్నా పైనుంచి ఫోను రావాలని అక్కడివాళ్ళు తమమీద తామే జోకులేసుకునేవాళ్ళు. అభ్యర్థులెవరో సీల్డ్ కవర్‌లో వచ్చేది. కవర్ చింపేదాకా అందరూ దేవుళ్ళే, చింపాక ఒక్కడే.

మిణుగురును మొదటిరోజే ఆదరించినవాడు ఆఫీసు కార్యదర్శి. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. కుర్చీలు వేయించడం నుంచి ప్రెస్‌నోట్లు దిద్దడం దాకా ఆయన చెయ్యి పడని పని లేదు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు వచ్చి, తెల్లబడ్డా అదే కుర్చీలో ఉన్నాడు.

"ఏమయ్యా మైకూ, ఏమన్నా తిన్నావా? వైర్లు తింటే కడుపు నిండదు. రా, కూర్చో."

ఆ పిలుపులో కల్తీ లేదు. మిణుగురుకి తండ్రి మొహం గుర్తులేదు. అందుకేనేమో ఆ గొంతు చెవిన పడగానే కాస్త మెత్తబడ్డాడు. ఏజెంటు మెత్తబడకూడదు.

మీడియా మేడం మర్నాడు కనిపించింది. ముత్యాలరంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, నడిస్తే దారి దానంతటదే ఖాళీ అవుతుంది. విలేఖరులు ప్రశ్నలు మరిచిపోయేది ఆమెముందే. ఆమె హ్యాండ్‌బ్యాగులోని లిప్‌స్టిక్ నిజానికి ట్రాన్స్‌మిటర్. దాని రెండో కొస మిణుగురు చెవిలో, వినికిడి మిషన్ రూపంలో ఉంది.

ప్రెస్ హాలు ఖాళీ అయ్యాక ఆమె అతని బల్ల దగ్గర ఆగింది.

"మైకు గరగరమంటోంది."

"వైరు పాతదండీ. మార్చాలి."

కోడ్‌వర్డులు అక్కడితో సరి. కాని ఆమె కదలలేదు.

"పాతదేగాని తెగలేదుగా," అంది.

మిణుగురు తల ఎత్తకుండా వైరు చుట్టాడు. "గోడలకి చెవులుంటాయి మేడం."

"అవునండీ. మీకే లేవు." ఆమె గొంతు తగ్గించింది. "నేను గొడుగు కిందే ఉన్నాను, కాదనను. తడవకుండా ఉండటానికి కాదు. సభరోజు చెవిలోది తియ్యకండి. నాకేం తెలిసినా మీకే చెప్తాను."

ఆ మాటలు ఉన్నవున్నట్టు చీఫ్‌కి చేరాయి. జవాబు పొడిగా వచ్చింది. "ఆమె ఎక్కడో బాంబు రిమోట్ నొక్కబోతోంది. అధ్యక్షుడు స్టేజీ ఎక్కగానే జామర్ వెయ్యి. ఆమెను నీ కన్సోల్ దగ్గరికి రానివ్వకు."

సంతాపసభనాడు ఆడిటోరియం పొద్దున్నుంచే కిటకిటలాడింది. ఒక వర్గం కుడివైపు, ఇంకో వర్గం ఎడమవైపు. మధ్యలో నడిచే దారిని సరిహద్దులా కాపాడుకుంటూ కూర్చున్నారు. చనిపోయినాయన ఉన్నంతకాలం రెండు వైపులా తిట్లు తిన్నాడు. ఇప్పుడు రెండు వైపులా ఏడుస్తున్నారు.

మిణుగురు పెన్నులాంటి డిటెక్టరుతో స్టేజీ అంతా తడిమాడు. కుర్చీలు, పోడియం, నీళ్ళసీసాలు, అన్నీ శుభ్రం. అధ్యక్షుడి కుర్చీ పక్కన ఉపాధ్యక్షుడి చిత్రపటం స్టాండుమీద ఉంది. దానిమీద తెల్లగుడ్డ. అటు అడుగెయ్యబోతే బాబాయ్ అడ్డొచ్చాడు.

"దాన్ని ముట్టుకోకు నాయనా. దగ్గరుండి ఫ్రేము కట్టించాను. పొద్దున్నుంచి తుడుస్తూనే ఉన్నాను, కళ్ళకి ఆనడం లేదు."

ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. దొంగ కన్నీళ్ళు పోల్చడంలో మిణుగురుకి శిక్షణ ఉంది. అందుకే నమ్మి వెనక్కి తిరిగాడు.

అధ్యక్షుడు స్టేజీ ఎక్కాడు. మిణుగురు జామర్ నొక్కాడు. హాల్లో ఫోన్లన్నీ మూగబోయాయి. చెవిలోని మిషన్ కూడా చచ్చిపోయింది.

వక్తలు మాట్లాడుతున్నారు. మేడం స్టేజీ చివర కుర్చీలో కూర్చుని ఉంది. కాసేపటికి ఎవరో ఆమెకు చీటీలాంటిదేదో ఇచ్చి వెళ్ళారు. చదివి నలిపేసింది. లిప్‌స్టిక్ తీసి పెదవుల దగ్గర పెట్టుకుని ఏదో అంది. మిణుగురు చెవిలో నిశ్శబ్దం. మళ్ళీ అంది. తరువాత లేచి కన్సోల్ వైపు రాబోయింది. మిణుగురు ముందే చెప్పి ఉంచిన సెక్యూరిటీవాళ్ళు ఆపారు. వాళ్ళ భుజాలమీదుగా అతన్నే చూస్తూ, చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుంది. విను అని దానికి అర్థం. ఆ స్టూడియో రోజుల్లో ఇద్దరూ కలిసి పెట్టుకున్న సైగ.

మిణుగురు చూపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు మన ప్రియతమ అధ్యక్షులు చిత్రపటాన్ని ఆవిష్కరిస్తారు," అని ప్రకటన వినిపించింది.

అధ్యక్షుడు లేచాడు. ఆయన చెయ్యి తెల్లగుడ్డ అంచు అందుకునేలోపు మేడం అడ్డం వచ్చి నిలబడింది.

"పైనుంచి ఫోనొచ్చిందండీ. ఆవిష్కరణ ఆపమన్నారు," అంది, అందరికీ వినపడేట్టు.

ఇంకే దేశంలో, ఇంకే పార్టీలో ఆ మాట చెప్పినా ఎందుకని అడిగేవాళ్ళు. అక్కడెవరూ అడగలేదు. ఫోన్లన్నీ మూగబోయి ఉండగా ఆ ఫోను ఎలా వచ్చిందని కూడా ఎవరికీ తోచలేదు. అధ్యక్షుడు చెయ్యి వెనక్కి తీసుకుని కూర్చున్నాడు. కుడివైపు వర్గం ఎడమవైపు వర్గాన్ని గుర్రుగా చూసింది. మేడం బరువైన పటాన్ని గుడ్డతో సహా రెండు చేతులా ఎత్తుకుని, చంకలో బిడ్డనెత్తుకున్న తల్లిలా ఒక పక్కకి ఒరిగి, స్టేజీ వెనక్కి నడిచింది. పైనుంచి వచ్చిన ఫోనుకి సెక్యూరిటీ కూడా దారిచ్చింది.

కన్సోల్ పక్కనుంచే పోవాలి. పోతూ పోతూ అంది.

"ఏమండీ, జామర్ కట్టెయ్యండి. ఇది రిమోటు కాదు, గడియారం."

మిణుగురు కాళ్ళలోకి బుర్ర కంటే ముందు అర్థం పాకింది. వైర్లు తెంపుకుంటూ పరుగెత్తాడు. వెనక నడవా చివర ఇనపతలుపు ఉంది. దాని అవతల సగం తవ్వి వదిలేసిన నీళ్ళసంపు, మనుషులు తిరగని పెరడు. అతను అందుకునేలోపు తలుపు మూసుకుంది. అవతలివైపు గడియ పడింది.

"తలుపు తియ్యి. నేను పట్టుకుంటాను. తియ్యి," తలుపు బాదుతూ అరిచాడు.

ఇనపరేకు అవతల నుంచి ఆయాసంతో చిన్నగొంతు వినిపించింది.

"మెల్లగా మాట్లాడండి. ఇది నిజం పోట్లాట."

పరుగెత్తే అడుగులు. తరువాత నేల అదిరింది. తలుపు లోపలికి ఉబ్బి అతన్ని వెనక్కి విసిరింది.

హాల్లో జనం లేచారు. గుమ్మాలవైపు మొదటి తోపులాట మొదలైంది. మిణుగురు లేచాడు. నుదుటిమీది రక్తం తుడుచుకుని కన్సోల్ దగ్గరికి వెళ్ళి మైకు అందుకున్నాడు.

"జనరేటర్ పేలింది. కంగారేమీ లేదు. ముందు వరసలవాళ్ళు కూర్చోండి. వెనకవాళ్ళు నెమ్మదిగా బయటికి నడవండి."

ఆ గొంతు వణకలేదు. జనం నమ్మారు. పిల్లల్నెత్తుకున్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, రెండు వర్గాలూ ఒకే గుమ్మంలోంచి ఒకరికొకరు దారిచ్చుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్క ప్రాణం పోలేదని టీవీలు చెప్పాయి. పోయిన ఆ ఒక్క ప్రాణం సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు.

బాబాయ్ పారిపోలేదు. ప్రెస్ హాల్లో కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు. మిణుగురు గుమ్మంలో నిలబడితే తలెత్తి చూశాడు.

"నువ్వు మైకువాడివి కాదు కదూ."

"కాదు బాబాయ్."

"ఆయన గ్లాసు కూడా నేనే అందించాను. కళ్ళు తిరిగి పడతాడు, సభ చెదురుతుంది, అంతే అన్నారు. చచ్చిపోయాడు. ఆ తరువాత వాళ్ళు చెప్పినట్టల్లా ఆడాను. ఊబిలో కాలు పెట్టినవాడికి రెండో కాలు ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్తారు?"

"ఎందుకు చేశావు?"

బాబాయ్ చేతిలోని కుర్చీ కిందకి దించాడు.

"ప్రతి ఎన్నికకీ నా పేరు పైకి వెళ్ళేది. ప్రతిసారీ కవర్‌లోంచి ఊరూ పేరూ తెలియనివాడు దిగేవాడు. వాడి చొక్కా ఇస్త్రీ చేయించేదీ నేనే. గొడుగువాళ్ళొచ్చి, మీ గొప్పతనం మీ పార్టీకి తెలియలేదు అన్నారు. ఆ ఒక్క మాట నా మొహంమీద ఎవరూ అనలేదు నాయనా, ఇన్నేళ్ళలో. దానికే పడిపోయాను." గుమ్మం అవతలికి చూసి అడిగాడు. "ఆ అమ్మాయి?"

మిణుగురు బేడీలు తీశాడు. బాబాయ్ రెండు చేతులూ ముందుకు చాపాడు.

ఆ సాయంత్రం పళ్ళ ఆసుపత్రిలో చీఫ్ కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆ కార్యదర్శి చెప్పిన పేర్లతో ఇక్కడున్న గొడుగు మొత్తం దొరికింది. ఓడరేవు సంతకాలు ఆగాయి. మంచి పని చేశావు."

"ఆమె తిరిగిపోలేదు సర్."

"తెలుసు."

గోడ అవతల డ్రిల్ మిషన్ ఎవరి పన్నో తొలుస్తోంది.

"ఆమెమీద వాళ్ళకి అనుమానం మొదలైంది," అన్నాడు చీఫ్. "నువ్వు ఆమెను శత్రువులా చూస్తేనే వాళ్ళు మళ్ళీ నమ్ముతారు. ఆమె విషయంలో నువ్వు నటించలేవు. అందుకే నీకు నిజం చెప్పలేదు. గడియారం పెడతారని నేను అనుకోలేదు. ముందే దిగిపొమ్మని వాళ్ళు పంపిన చీటీ చూసేదాకా ఆమెకీ తెలియదు."

"ఆమెకి తెలుసా? నాకు మీరు అలా చెప్పారని?"

"చెప్పాను. ఒప్పుకుంది. ఆయన కోపంలోనే బాగా పనిచేస్తారు అని నవ్వింది."

మిణుగురు సెలవు కావాలన్నాడు. భార్య చనిపోతే ఇచ్చే సెలవు ఎన్ని రోజులో కనుక్కోమన్నాడు.

చీఫ్ ఇటు తిరిగాడు. ఆయన మొహం కూడా బాగోలేదు. "రికార్డులో నీకు పెళ్ళి కాలేదు. ఆ కాపురం ఆపరేషన్ ఫైల్లో ఉంది, ఆ ఫైలు తెరవడానికి లేదు. మామూలు సెలవు రాసుకో. ఏదో ఒక కారణం పెట్టు."

మిణుగురు కారణం దగ్గర జలుబు అని రాసి సంతకం చేశాడు. కళ్ళూ ముక్కూ ఎర్రగానే ఉండటంతో, ఇన్నేళ్ళ సర్వీసులో అతను చెప్పిన ఏ అబద్ధాన్నీ డిపార్ట్‌మెంటు అంత తేలిగ్గా నమ్మలేదు.