రానీ... రానీ...

మా నాచారం గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్ హారన్ చెడిపోయి రెండేళ్లయింది. బాగు చేయించమంటే ఎవరి చెవికీ ఎక్కదు. అందుకే వెనక ఒకరు నిలబడి "రానీ... రానీ..." అంటారు. ఆగాలంటే "బస్". పదకొండేళ్లుగా నేను ఆ గొంతులనే నమ్మి బండి నడిపాను.

పోయిన నెల కూడా "రానీ... రానీ..." వినబడితే వెనక్కి తీశాను. "బస్" అని ఎవరూ అనలేదు. నాతో పనిచేసే ఎబినేజర్ అన్న గోడకూ బండికీ మధ్య నలిగిపోయాడు. చేతిలో ఫోన్ ఉంది.

అన్నే నన్ను రమ్మన్నాడని రాసిచ్చాను. తప్పంతా చనిపోయినవాడి మీదకే పోయింది. బోడుప్పల్‌లో సమాధి దగ్గర అతని భార్య రూతు తన కూతురు షైనీని "రానీ, ఇటు రా" అన్నప్పుడు నాకు అర్థమైంది. ఇంట్లో పిల్లను రాణి అంటారు. మా నోళ్లలో అది రానీ. అన్న పిలిచింది నన్ను కాదు, ఫోన్‌లో బిడ్డను! ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. సిగ్గులేని పని.

నిన్న మధ్యాహ్నం అన్న టిఫిన్ డబ్బా, చెప్పులు తీసుకుపోవడానికి రూతక్క పిల్లతో వచ్చింది. మబ్బు పట్టి కరెంటు పోయింది. షెడ్డులో తడిసిన అట్టపెట్టెల వాసన. నేను బండి వెనక్కి తీస్తున్నాను.

"రానీ..."

అలవాటు కొద్దీ కాలు కదిలింది.

"రానీ... రానీ..."

ఎబినేజర్ అన్న గొంతు...

బ్రేకు తొక్కాను. తిరిగి చూశాను. జానెడు దూరంలో షైనీ.

"నాన్న పిలిచిండు, మామా."

బండి తాళం తీసి జేబులో వేసుకుని, పిల్ల చేయి పట్టుకుని రూతక్క ఉన్న ఆఫీసుకు పరుగెత్తాను.

"అక్కా, ఆ రోజు అన్న నన్ను పిలువలే. ఫోన్ల బిడ్డను పిలిచిండు. నేనే తప్పు విన్న. రాసిస్త."

రూతక్క టిఫిన్ డబ్బా కింద పెట్టింది.

"ఫోన్ల బిడ్డ లేదు, నరేన్. నేనున్న. 'ఈడ ఎవరో మన రానీని పిలుస్తున్నరు, సూసొస్త' అన్నడు. గంతే."

"ముందే ఎందుకు జెప్పలే?"

"నన్నెవరు అడిగిన్రు?"

అప్పుడు షెడ్డులోంచి మళ్లీ వినిపించింది. మెల్లగా, ముద్దుగా.

"రానీ..."

షైనీ నా చేయి వదిలించుకోబోయింది. అటు చూసింది. నా ముఖం చూసింది.

"మామా... నువ్వు ఈడనే ఉన్నవ్ గద. మరి ఆడ్నించి ఎట్ల పిలుస్తున్నవ్?"