అంచు లేని చీర

సాయంత్రం ఆరున్నరకు నేతపెట్టె గంట కొట్టింది. మందాకిని తలుపు తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూసేసింది.

పెట్టె మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయింది. స్నానాల గదిలో ఆమె భర్త విశ్వపతి గొంతెత్తి పాత పాట పాడుకుంటున్నాడు, చరణం గుర్తురాని చోటల్లా ఈల వేసుకుంటూ. తను చూసింది పొరపాటేమోనని ఆమె మళ్ళీ తెరిచింది. అదే చీర.

గంజి రంగు చీర. అంచు లేదు, పువ్వు లేదు, జరీ పోగు ఒక్కటైనా లేదు. రవికా అదే గుడ్డతో, మంగళసూత్రాలు కనపడకుండా మెడ దాకా మూసుకుపోయి ఉంది. రోజూ బొట్టుబిళ్ళలూ గాజులూ పెట్టి ఉండే పళ్ళెం కింది అరలోనే ఉంది. అందులో ఏమీ లేవు.

మొగుడు పోయిన ఆడదాని చేత బొట్టు తీయించి, గాజులు తీయించి, ఇలాంటి చీర కట్టించే ఆచారం రెండు తరాల కిందటే పోయింది. మందాకిని తన కళ్ళతో ఎవరినీ అలా చూడలేదు. అయినా ఆ చీరకి అర్థం ఏమిటో ఎవరూ ఆమెకు చెప్పక్కర్లేదు. పోయిన ఆచారాలు మనసులోంచి పోవు, ఏం చేస్తాం.

వాళ్ళు విశాఖలో సాగరిక ఓడెక్కి ఆరో రోజు. సాగరికలోకి సామాను రానివ్వరు. కట్టుబట్టలు కూడా రేవులోనే అప్పగించి రావాలి. ప్రతి సాయంత్రం గదిలో ఒక్కొక్కరికీ విడిగా ఉన్న నేతపెట్టె మారునూలుతో కొత్త బట్టలు నేసి ఇస్తుంది, తెల్లారాక వాటిని విప్పి మళ్ళీ నూలు చేసుకుంటుంది. పగటికి అందరికీ ఓడవాళ్ళిచ్చే ఒకే రకం అంగీలు. విందుకి ఏం కట్టుకెళ్ళాలన్న తలనొప్పి మనుషులకి లేకుండా చేశామని ఓడవాళ్ళ గొప్ప. ఆ తలనొప్పిలోనే సగం సరదా ఉండేదని వాళ్ళకి చెప్పేవాళ్ళు లేకపోయారు. పెట్టె ఎవరినీ ఏమీ అడగదు. మణికట్టుకి కట్టిన నాడిపట్టీ పగలూ రాత్రీ చెప్పేది వింటుంది, టిక్కెట్టు కొన్నప్పుడు తీసుకున్న ఇంటి ఫొటోలు చూసుకుంటుంది, నేసేస్తుంది.

అంతవరకూ బాగానే ఉంది. నిన్న మాత్రం తునికి చెందిన ఒకాయనకి పెట్టె కర్మ చేసేవాళ్ళు కట్టే రకం తెల్ల పంచె, తెల్ల ఉత్తరీయం ఇచ్చింది. ఆయన నవ్వుకుంటూ అవే కట్టుకుని భోజనానికి వచ్చాడు. మజ్జిగన్నం దాకా రాకముందే, ఊళ్ళో తండ్రి పోయాడని కబురొచ్చింది. కాకతాళీయం అన్నారు ఓడవాళ్ళు. ఒక్కరూ నమ్మలేదు. పెట్టెకి ముందే తెలుసన్న మాట తెల్లారేసరికి ఓడంతా పాకిపోయింది.

మందాకిని 'మళ్ళీ నెయ్యి' అన్న మీట నొక్కింది. పెట్టె తొమ్మిది నిమిషాలు గిరగిరలాడింది. ఆ తొమ్మిది నిమిషాలూ ఆమె స్నానాల గది తలుపు దగ్గరే నిలబడి పాట వింటూ ఉంది. పాట ఆగినప్పుడల్లా ఆమెకు ఊపిరాడేది కాదు. ఈల వినపడగానే మళ్ళీ ఆడేది. గంట మోగింది. వెళ్ళి చూస్తే అదే గంజి రంగు.

"ఏమండీ, చాల్లెండి, బయటికి రండి," అంది తలుపు కొడుతూ. "నేల తడిగా ఉంటుంది, చూసి అడుగెయ్యండి."

"ఏమైంది నీకు? ఇప్పుడేగా వచ్చాను," అన్నాడు లోపల్నుంచి.

"గుండెల్లో ఏమైనా నొప్పిగా ఉందా?"

పాట ఆగిపోయింది. తువ్వాలు చుట్టుకుని విశ్వపతి బయటికి వచ్చాడు. ఆమె ముఖం చూశాడు, ఆమె చూపు వెళ్ళిన వైపు చూశాడు, పెట్టె దగ్గరికి నడిచాడు. చీరనీ ఖాళీ పళ్ళేన్నీ చాలాసేపు చూశాడు. ఒంటి మీద నీళ్ళు ఆరకుండానే మంచం మీద కూలబడ్డాడు.

"నేను పోతానంటోందా ఇది?"

"ఛ, ఏం మాటలండీ అవి," అంటూనే పక్కనున్న అతని పెట్టె తెరిచి చూసింది. అందులో నీలం పట్టు జుబ్బా రోజూలాగే మడత పెట్టి ఉంది. అది చూసి ఒక క్షణం ధైర్యం వచ్చింది. పోయినవాళ్ళకీ కొత్తబట్టలే కడతారని గుర్తొచ్చి ఆ ధైర్యమూ పోయింది.

పది నిమిషాల్లో ఓడ వైద్యుడి గదిలో ఉన్నారు. విశ్వపతికి యాభై తొమ్మిదేళ్ళు. కాకినాడలో కాంట్రాక్టులు చేసినవాడు, ఎవరి ముందూ తగ్గినవాడు కాదు. అలాంటి మనిషి బల్ల మీద పడుకుని వైద్యుడి కళ్ళల్లోకి పసివాడిలా చూస్తున్నాడు. మందాకిని అతని కాలి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. ఈ మనిషి లేకపోతే, అన్న ఆలోచన మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక, మళ్ళీ మొదలుపెట్టింది.

వైద్యుడు గుండె చూశాడు, నెత్తురు చూశాడు, మెదడు కూడా చూశాడు.

"మీకేమీ లేదండి. నలభై ఏళ్ళవాడి గుండె మీది," అన్నాడు. తర్వాత మందాకిని వైపు తిరిగాడు. "మీకెలా ఉందమ్మా?"

"ఆవిడకేం, రాయిలా ఉంటుంది," అన్నాడు విశ్వపతి లేచి కూర్చుంటూ. ప్రాణం లేచొచ్చేసరికి గొంతూ తిరిగొచ్చింది. "మరి ఆ పెట్టె సంగతేంటండీ? మనుషుల్ని హడలగొట్టి చంపుతుందా?"

"పెట్టెకి మీ ఆరోగ్యం తెలీదండి. మీ నాడి మీ పెట్టెకే వెళ్తుంది, ఆవిడ నాడి ఆవిడ పెట్టెకే. బట్టలు ఎవరికి నేస్తుందో వాళ్ళ మనసు తప్ప ఇంకొకళ్ళ సంగతి దానికి అందదు. వివరంగా కావాలంటే వస్త్రశాల వాళ్ళని పిలుస్తాను."

విశ్వపతి హాయిగా నిట్టూర్చాడు. మందాకిని నిట్టూర్చలేదు. ఆమె చేతిలో అతని బొటనవేలు ఇంకా ఉంది. మెల్లగా వదిలేసింది.

వస్త్రశాల నుంచి ఝాన్సీ అనే అమ్మాయి వచ్చింది. భీమిలి పిల్ల, పాతికేళ్ళుంటాయి. చేతిలో పలక పట్టుకుని, అందులో మందాకిని పెట్టె రాసుకున్నదంతా తెరిచింది. రెండు వరుసలు చదివి తలెత్తింది.

"ఇది మేడమ్ గారితో విడిగా మాట్లాడాలండి."

"విడిగా ఎందుకు? మేమిద్దరం ఏమైనా వేరా? చదువమ్మా," అన్నాడు విశ్వపతి.

"వద్దులెండి," అంది మందాకిని. "చీరే గదా. కట్టుకుంటాను, పోదాం పదండి."

"ఆవిడకేం ఫర్వాలేదు. నువ్వు చదువు."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెని అడిగిన ప్రశ్నలకి అతనే జవాబు చెబుతున్నాడు. దుర్మార్గం ఏమీ కాదు, అలవాటు. ఆ అలవాటుతోనే ఇదీ అడిగి పుచ్చుకున్నాడు.

ఝాన్సీ పలక వైపే చూస్తూ చదివింది. "రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మేడమ్ గారి నాడి చాలా నిమ్మళంగా ఉందండి. అంత నిమ్మళం మామూలుగా గాఢనిద్రలోనే ఉంటుంది. ఈవిడకి మెలకువలో ఉంది."

"ఆ టైములో నేను పేకాట గదిలో ఉంటాను," అన్నాడు విశ్వపతి. అనేశాక ఆగాడు.

"ఆరింటికి ఈవిడ గదికొస్తారు, వెనకే మీరొచ్చిన తలుపు చప్పుడవుతుందండి. అప్పట్నుంచీ నాడి పరిగెడుతుంది. పొద్దున్న దాకా దిగదు. ఐదు రోజులూ అంతే. ఐదు రోజులు చూశాక, ఏ బట్టల్లో ఉంటే ఈవిడకి ఆ మధ్యాహ్నపు నిమ్మళం వస్తుందా అని పెట్టె మీ ఇంటి ఫొటోల్లో వెతికిందండి. అన్నిటిలోనూ ఆడవాళ్ళు వడ్డిస్తూనో, పిల్లల్ని చంకనేసుకునో, మొగుడి పక్కన నిలబడో ఉన్నారు. ఎవరి కోసమూ చూడకుండా ఒంటరిగా కూర్చున్న ఆవిడ ఒక్కరే కనపడ్డారు."

పలక తిప్పి చూపించింది. మందాకిని తాతమ్మ. పెరటి గట్టు మీద కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. బోడి నుదురు, బోసి చేతులు, గంజి రంగు చీర. ముఖంలో ఏ తొందరా లేదు.

"పెట్టెకి మీ ఆచారాలు తెలీవండి," అంది ఝాన్సీ. "నిమ్మళంగా ఉన్న మనిషి గుడ్డ చూసి నేసింది, అంతే."

"మరి తుని ఆయన?"

"ఆయన ఓడెక్కినప్పట్నుంచీ తండ్రి గురించే దిగులు పడుతున్నారటండి. దిగులే నేసింది. కబురు తర్వాత వచ్చింది."

"అయితే లోపల ఉన్నదే నేస్తుందన్నమాట," అన్నాడు విశ్వపతి. "ఆయన లోపల ఉన్నదే బయటా జరిగింది."

మందాకిని చెప్పబోయింది. నేను మీ చావు కోరుకోలేదండీ అని చెప్పాలి. కానీ ఆ మాట నోట్లోంచి బయటికి వస్తే, కోరుకుని ఉండొచ్చు అన్న మాట కూడా దాంతో పాటే వస్తుంది. నిజంగా కోరుకోలేదా అని తనని తాను అడిగి చూసుకుంది. లేదు. నూటికి నూరుపాళ్ళూ లేదు. కానీ ఐదు మధ్యాహ్నాలు పైఅంతస్తులో కుర్చీ వేసుకుని, సముద్రం చూస్తూ, ఎవరికీ కాఫీ కావాలా అని అడగకుండా కూర్చున్నప్పుడు, జీవితమంతా ఇలాగే ఉంటే ఎంత బావుండు అనుకుంది. అలా ఉండాలంటే ఏం జరగాలో ఆలోచించలేదు. పెట్టె ఆలోచించింది. తనకే తెలియనిది ఇంకేం తెలుసో దానికి అనుకుని, మణికట్టు మీది నాడిపట్టీని రెండో చేత్తో మూసేసింది.

ఆరోజు కెప్టెన్ ఇచ్చే పెద్ద విందు. పగటి అంగీతో విందుకి రానివ్వరు, వేరే బట్ట లేదు. గంజి రంగు చీరే కట్టుకుని, బోడి నుదుటితో మందాకిని భోజనశాలలో అడుగుపెట్టింది. పక్కన విశ్వపతి నీలం జుబ్బాలో నడిచాడు. రంగురంగుల పట్టుచీరల మధ్య మాటలు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగిపోతూ వచ్చాయి. చూపులు ముందు ఆమె మీద పడి, తర్వాత అతని మీద పడి, అక్కడ ఆగేవి. ఇంకా ఎన్ని గంటలో అని లెక్క కడుతున్నట్టే చూశారు అందరూ.

వాళ్ళ బల్ల దగ్గర రోజూ కూర్చునే సత్యానందం గారు ఏలూరులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య కాత్యాయని గారు మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. మందాకినిని చూడగానే ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"అయ్యో, ఇదేం ఘోరం తల్లీ. ఉండు," అంటూ తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి మందాకిని నుదుటికి అంటించింది. చేసింది మంచి పనే. కానీ ఇప్పుడు ఆవిడ నుదురు బోసిపోయింది. సత్యానందం గారు భార్య వైపు చూశారు, చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశారు, ఇక ఆ పూట ఏమీ తినలేదు.

వడ్డన మొదలైంది. పనసకాయ కూర, పులిహోర, గోంగూర, ముక్కల పులుసు గిన్నెలతో బల్ల నిండిపోయింది. విశ్వపతికి ఏది ముందు వెయ్యాలో, ఎంత వెయ్యాలో, పులుసు ఏ పక్కన పొయ్యాలో మందాకిని చేతికి తెలుసు. ఆ చెయ్యి ఎప్పట్లాగే గరిటె అందుకుని అతని కంచం వైపు వెళ్ళింది.

అతను కంచం మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను వడ్డించుకుంటాను," అన్నాడు.

మర్యాదగానే అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ అనలేదు. గరిటె గాలిలో ఆగిపోయింది. ఆమె గిన్నెలోంచి ముందు తన కంచంలో వడ్డించుకుని ఒక ముద్ద తినేదాకా అతను ఆ పులుసు ముట్టుకోలేదు.

మందాకిని రెండో ముద్ద కంచంలోనే వదిలేసింది. నేను విషం పెట్టే మనిషిగా కనపడుతున్నానా ఈయనకి అనుకుంది. ఏడుపు రాలేదు, భయం వేసింది. అతన్ని చూసి కాదు, అతనికి కనపడుతున్న ఆ మందాకినిని చూసి. అలాంటి మనిషి తనలో ఎక్కడైనా ఉందేమోనని, ఉంటే ఎన్నాళ్ళుగా ఉందోనని.

భోజనాలయ్యాక పైఅంతస్తు మీదుగా గదికి వెళ్ళడం వాళ్ళ అలవాటు. రోజూ విశ్వపతి సముద్రం వైపు కటకటాల పక్కన నడుస్తాడు, ఆమెని గోడ వైపు పెట్టి. ఈరోజు మెట్లెక్కగానే అతను గోడకి జరిగాడు. ఆమెని ముందు నడవమన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆమె ముందు నడిచింది. కింద నీళ్ళు నల్లగా ఓడని రాసుకుంటూ పోతున్నాయి. వెనక అతని అడుగులు ఆమె అడుగులతో కలవకుండా, కాస్త ఆలస్యంగా పడుతున్నాయి. ఆమె ఆగితే ఆగుతున్నాయి.

"మందా," అన్నాడు అతను వెనక నుంచి.

ఆమె తిరిగింది. రెండు దీపాల మధ్య చీకట్లో గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"నీకేం కావాలి?"

ఎంత మెత్తగా అడిగాడో. పెళ్ళైన కొత్తలో ఆమె ఈ ప్రశ్న కోసం ఎదురుచూసింది. తర్వాత పిల్లలు పుట్టినప్పుడు ఎదురుచూసింది, పిల్లలు వెళ్ళిపోయినప్పుడు ఎదురుచూసింది, ఆ తర్వాత మానేసింది. ఇప్పుడు అడిగాడు. చీకట్లో అలికిడైతే ఎవరది అని అడుగుతారే, ఆ గొంతుతో అడిగాడు.

ఏమీ వద్దండీ అనడం సులువు. ఆ మాట ఆమె కొన్ని వేలసార్లు అంది. ఈరోజు అంటే అతను నమ్మడు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పింది.

"నాకు మీరుండాలండీ. నూరేళ్ళూ ఉండాలి. కాస్త దూరంగా ఉండాలి. అంతే."

ఆ మాటల్లో మొదటివి రెండూ అతనికి వినపడలేదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. విశ్వపతి చాలాసార్లు తలూపాడు.

"అలాగే," అన్నాడు. "అలాగేనమ్మా, నువ్వెలా అంటే అలాగే."

అంటూనే గోడ వెంబడి మరో రెండడుగులు వెనక్కి వేశాడు.